టర్బో కారు వయసు మీటరు చెప్పదు

కోనసీమలో టర్బో లేని ఊరు లేదు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకున్న లారీలో ఉంది, రావులపాలెం అరటి మార్కెట్టు ముందు ఆగిన వ్యానులో ఉంది, చెరువుల మీదికి రొయ్యల మేత మోసే బొలేరోలో ఉంది. డీజిలు టర్బో పోతే విప్పి, చూసి, కొత్తది బిగించగల మేస్త్రులు హైవే పొడుగునా ఉన్నారు. ఇక్కడి వాళ్లకి అంతగా అలవాటు లేనిది పెట్రోలు టర్బో. అందులోనూ ఇరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారుని ముచ్చటపడి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో అమలాపురం తెచ్చుకోవాలంటే, డీజిలు అనుభవం సగం దారి వరకే తోడొస్తుంది. మిగతా సగానికి కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం, ఈ డెల్టా నీటి సంగతి, గాలి సంగతి తెలిసుండాలి.

టర్బో స్పోర్ట్స్ కారు అనగానే 1970లలో యూరప్‌లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బో, పోర్షే 911 టర్బో, సాబ్ 99 టర్బో గుర్తొస్తాయి. అవి మన చేతికి అందేవి కావు. మూడేళ్లు దాటిన పాత కారుని దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. వింటేజ్ బండ్ల దారి వేరు, దాని ఖర్చూ వేరే. కాబట్టి మనకి పాత టర్బో అంటే ఈ దేశంలో కొత్తగా అమ్ముడై, ఇక్కడే ముసలిదైన కారు. ఆ వరసలో ముందు చెప్పాల్సింది 2000 దశకం తొలి సగంలో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లకి ఇరవై వాల్వులు, 150 హార్స్‌పవర్. మన రోడ్లనిండా 37 హార్స్‌పవర్ మారుతి 800లు తిరుగుతున్న రోజులవి. తర్వాత 114 హార్స్‌పవర్‌తో ఫియట్ లినియా టీ-జెట్ వచ్చింది. 2013లో 1.2 లీటర్ల ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015లో 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో, 2017లో మారుతి బలేనో ఆర్ఎస్ వచ్చాయి. వీటిలో ఏదీ ఇప్పుడు కొత్తది దొరకదు. ఈలోగా కాలం ఎంత మారిందంటే, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో 140 హార్స్‌పవర్ టర్బో పెట్రోలు ఇంజనుతో సెల్టోస్ తయారుచేసింది. ఒకప్పుడు స్పోర్ట్స్ కారు బలం అనుకున్నది ఇంటిల్లిపాదీ ఎక్కి అన్నవరం వెళ్లొచ్చే బండిలోకి వచ్చేసింది. అయినా పాత ఆర్ఎస్ మీద మోజు తగ్గలేదు. తగ్గక్కర్లేదు కూడా. మంచి ఇంజనీరింగ్‌ని ఇష్టపడటం మంచి అభిరుచి. కాకపోతే కొనేటప్పుడు ఏం చూడాలో తెలియాలి.

సెకండ్ హ్యాండ్ బండి బేరంలో మనం మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగిందండీ?" అని. టర్బో కారు విషయంలో ఆ ప్రశ్నకి వచ్చే జవాబుకి విలువ చాలా తక్కువ. టర్బో అరిగేది దూరంతో కాదు, వేడితో, నూనెతో. లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా వేళకి నూనె మార్చి, ఓపిగ్గా నడిపిన బండి, నలభై వేలే తిరిగి నిర్లక్ష్యంగా వాడిన బండి కంటే ఎంతో మేలు. ఎందుకో తెలియాలంటే టర్బో లోపలికి వెళ్లాలి.

పెట్రోలులో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు సైలెన్సరు గొట్టంలోంచి వేడి పొగగా బయటికి పోతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంట్ తీసుకున్నది ఆ పారబోసే శక్తిని పట్టుకునే ఉపాయానికే. పొగ దారిలో ఒక చిన్న చక్రం పెట్టాడు. అది తిరిగితే అదే ఇరుసు రెండో చివరనున్న ఇంకో చక్రం తిరిగి, బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువ తోస్తే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు. చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేస్తుంది. బ్యూషీ ఆలోచన ఓడలకి పనికొచ్చింది. 1920ల మధ్యలో రెండు జర్మన్ ఓడల డీజిలు ఇంజన్లకి టర్బో బిగిస్తే ఒక్కోదాని బలం 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కి పెరిగింది. విమానాలకీ ఎక్కింది. జనం కొనే కార్లకి రావడానికి 1962 దాకా పట్టింది.

ఆ 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ సెకండ్ హ్యాండ్ టర్బో కొనేవాళ్లంతా తెలుసుకోదగ్గది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి గాలితో కలిసిన పెట్రోలు స్పార్క్ మంట తనని చేరకముందే తనంతట తాను పేలుతుంది. దాన్నే మేస్త్రులు నాకింగ్ అంటారు. పిస్టన్లని పగలగొట్టేది ఆ పేలుడే. జెట్‌ఫైర్ ఇంజనీర్లు దానికి విరుగుడుగా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ సీసా ఖాళీ అయినప్పుడల్లా యజమాని నింపుకోవాలి. చాలామంది నింపలేదు. సీసా ఖాళీ కాగానే ఇంజను తన్ను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకునేది. కారు లాగడం లేదని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి చాలా కార్లకి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. అక్కడ యంత్రం బాగానే ఉంది. దానికి కావాల్సిన అలవాటు యజమానికి లేదు. ఈ అరవై ఏళ్లలో టర్బోలు ఎంతో మారాయి కానీ ఈ సంగతి మాత్రం మారలేదు.

గాలి ఎంత వేడెక్కుతుందో లెక్క వేసి చూద్దాం. మే నెల మధ్యాహ్నం కొత్తపేట దగ్గర గాలి 40 డిగ్రీలుంది అనుకోండి. టర్బో దాన్ని మామూలు పీడనానికి 1.7 రెట్లు నొక్కింది. నొక్కే చక్రం సామర్థ్యం 70 శాతం ఉంటే, గాలి దాదాపు 70 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే ఇంజను గుమ్మం దగ్గరికి 110 డిగ్రీల గాలి వచ్చి నిలబడింది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి నొక్కినందుకు రావాల్సిన లాభంలో కొంత అక్కడే పోయింది, నాకింగ్ భయం అదనం. అందుకే ముందు బంపరు వెనక ఇంటర్‌కూలర్ పెడతారు. అది గాలికోసం పెట్టిన రేడియేటరు. దాని రెక్కలు మట్టితో మూసుకుపోయినా, ఉప్పుగాలి తినేసినా ఆ 110 డిగ్రీల గాలే లోపలికి వెళ్తుంది. కంప్యూటరు అది గమనించి స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, బలం తగ్గిస్తుంది. నడిపేవాడికి "ఏసీ వేస్తే బండి లాగట్లేదు" అనిపిస్తుంది. టర్బో పోయిందని కంగారుపడి పెద్ద ఖర్చులోకి దిగేముందు బంపరు విప్పి ఇంటర్‌కూలర్ చూడటం తెలివైన పని.

వర్షాకాలపు ఉక్క సంగతీ ఇందులోకే వస్తుంది. 35 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉంటే, ఆ గాలిలో దాదాపు నాలుగు శాతం నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. అయితే అదే ఆవిరి నాకింగ్‌ని కొంచెం అణిచిపెడుతుంది. ఆగస్టులో అమలాపురంలో ట్రయల్ వేసిన బండి బాగానే లాగినా, ఏప్రిల్ ఎండలో అదే బండి నీరసపడొచ్చు. వీలైతే ఎండ వేళ కూడా ఒకసారి నడిపి చూడండి.

ఇక అసలు విషయం, ఆ ఇరుసు. చిన్న పెట్రోలు టర్బో పూర్తి జోరులో నిమిషానికి లక్షన్నర చుట్లు దాటుతుంది. అంటే సెకనుకి 2,500. నాలుగున్నర సెంటీమీటర్ల చక్రం అంత వేగంతో తిరిగితే దాని అంచు దాదాపు ధ్వని వేగంతో పోతూ ఉంటుంది. ఒక వైపు చక్రాన్ని తాకే పొగ 900 డిగ్రీలకి పైన ఉంటుంది. డీజిలులో ఇంత ఉండదు. మన మేస్త్రుల డీజిలు అనుభవం చాలకపోయేది ఇక్కడే. రెండు చక్రాల మధ్యలో ఇరుసుని మోసేది చాలా టర్బోల్లో బాల్ బేరింగు కూడా కాదు. మిల్లీమీటరులో వందో వంతుల మందంలో ఉండే నూనె పొర మీద ఇరుసు తేలుతూ తిరుగుతుంది. లోహం లోహాన్ని తాకదు. ఆ పొర ఉన్నంతకాలం అరుగుదల లేదు. పొర ఒక్క క్షణం తెగినా గీత పడుతుంది.

హైవే మీద బాగా తోలుకొచ్చి, ఇంటి ముందు ఆపి, టక్కున తాళం తిప్పేశారనుకోండి. ఇంజనుతోపాటు నూనె పంపూ ఆగిపోతుంది. ఇరుసు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎర్రగా కాలిన పోత ఇనుప గూడులోంచి వేడి నెమ్మదిగా మధ్యనున్న బేరింగుల్లోకి పాకుతుంది. అక్కడ ఆగిపోయిన కాస్త నూనె మాడి బొగ్గవుతుంది. పండక్కి గారెలు వండాక మూకుడు అంచుకి నల్లగా పట్టేసి, గీకినా రాని జిడ్డు ఉంటుంది చూడండి, ఇదీ అదే. టర్బోకి నూనె వెళ్లే దారి చాలా సన్నం. ఆ జిడ్డు ఏళ్ల తరబడి దాన్ని మూసుకుంటూ వస్తుంది. ఒకరోజు నూనె అందదు. ఆ రోజు నడుపుతున్నవాడిదే తప్పని అందరూ అంటారు, కానీ ఆ టర్బోని చంపింది అంతకుముందెప్పుడో ఉన్న ఓనరు. కొన్ని కార్లలో ఇంజను ఆగాక కూడా నీళ్లు తిప్పే చిన్న పంపు ఉంటుంది. అది సాయం చేస్తుంది కానీ చవకబారు నూనె పోసిన పాపాన్ని కడగలేదు. ఆగేముందు ఒక నిమిషం నెమ్మదిగా నడపడం, లేదా ఐడిల్‌లో ఉంచడం, మంచి సింథటిక్ నూనె వేళకి మార్చడం, ఈ రెండే టర్బో ఆయుష్షు. అందుకే కిలోమీటర్ల కంటే ముందు నూనె బిల్లులు అడగాలి. ఏ గ్రేడు పోశారు, ఏ తేదీన, ఎంత తిరిగాక. బిల్లులు లేవంటే మంచి మాటల్ని నమ్మడం కాదు, ధర తగ్గించమనడం సరైన పని.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఒకటి మన ప్రాంతంలో ఉంది. "డాక్టరు గారి బండండి, ఊళ్లోనే తిరిగింది, ఎప్పుడూ యాభై దాటలేదండి" అని గొప్పగా చెబుతారు. టర్బో పెట్రోలు ఇంజనుకి అది మంచి జీవితం కాదు. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండిలో నూనె పూర్తిగా కాగదు. లోపల చేరిన నీరు, కాలని పెట్రోలు ఆవిరై పోవడానికి తగినంత వేడి రాదు. మన గాలిలో అసలే తేమ ఎక్కువ. నూనె పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. మీగడ రంగు జిగురు పట్టి ఉంటే అది నీరు కలిసిన నూనె. చిన్న చిన్న తిరుగుళ్ల వల్ల కావచ్చు, అంతకంటే పెద్ద రోగమైన హెడ్ గ్యాస్కెట్ వల్ల కావచ్చు. రేడియేటరు ట్యాంకులో నూనె తెట్టు కూడా కనిపిస్తే రెండోదని అనుమానించాలి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లాలి, ఇంజను చల్లగా ఉండగానే. "మీరొస్తారని వేడెక్కించి పెట్టానండి, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుందండి" అని అమ్మేవాళ్లు అంటే మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి రావచ్చు. చల్లటి ఇంజను చెప్పే నిజాలు వేడి ఇంజను చెప్పదు. ముందు, స్టార్ట్ చేయకుండానే, ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు పైపు ఊడదీయించండి. లోపల అల్యూమినియం చక్రం కనిపిస్తుంది. మధ్యనున్న నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి కదపండి. చాలా కొద్దిగా కదిలితే అది సహజం, నూనె లేనప్పుడు పొర ఉండాల్సిన ఖాళీయే అది. ముందుకీ వెనక్కీ లాగి చూడండి. అటు కదలిక చేతికి తెలియకూడదు. తెలిసిందంటే థ్రస్ట్ బేరింగు అరిగింది. చక్రాన్ని మెల్లగా తిప్పితే ఎక్కడా గూడుకి రాసుకోకుండా తిరగాలి. రెక్కల అంచులు టార్చి వేసి చూడండి. పదునుగా, సమంగా ఉండాలి. పైపులో పలచగా నూనె తడి ఉంటే భయం లేదు, ఇంజను ఊపిరి వదిలే దారి అక్కడే కలుస్తుంది. నూనె చేరి మడుగు కడితే మాత్రం సీలు పోయింది.

ఆ రెక్కల అంచుల దగ్గర ఇంకొంచెంసేపు ఆగాలి. అంత వేగంతో తిరిగే రెక్కకి చిన్న ఇసుక రేణువు తగిలినా గుంట పడుతుంది. మన జిల్లాల్లో ఇసుక ఒక్కటే కాదు. రైసు మిల్లుల ఊక బూడిద ఉంది. ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికా. గాజు చేసేది ఆ పదార్థంతోనే. మండపేట, రామచంద్రపురం వైపు మిల్లుల దగ్గర రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు బాక్సు క్లిప్పు ఒకటి ఊడిపోయి ఉంటే, ఆ సందులోంచి పోయే బూడిద చాలు. రెక్కల అంచులు మొద్దుబారి, గరగరలాడుతున్నట్టు కనిపిస్తాయి. ఖరీదైన దూది ఫిల్టర్లు "పవర్ పెరుగుతుంది" అని బిగించుకున్న బండ్లలో ఇది మరీ ఎక్కువగా చూడాలి. కంపెనీ కాగితం ఫిల్టరే దుమ్ముని బాగా ఆపుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయండి, ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి. చల్లటి గాలిలో మొదట వచ్చే తెల్లటి ఆవిరి పోతుంది. పోకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంటు కాలుతోంది. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కినప్పుడు నీలి పొగ గుప్పుమంటే టర్బో సీలు గానీ వాల్వు సీళ్లు గానీ. నల్ల పొగ, దానితోపాటు బుస్సుమనే శబ్దం వస్తే నొక్కిన గాలి ఎక్కడో పైపులోంచి కారిపోతోంది. పాత ఆక్టేవియా ఇంజనులో పెన్సిలంత లావు వ్యాక్యూమ్ పైపులు చాలా ఉంటాయి. ఇరవై ఏళ్ల వేడికి అవి బిస్కెట్టులా విరుగుతాయి. డైవర్టర్ వాల్వులోని రబ్బరు పొర చిరుగుతుంది. ఇగ్నిషన్ కాయిల్స్ ఒక్కొక్కటే పోతాయి. ఇవన్నీ చవకగా పోయే రోగాలే, కానీ బయటికి మాత్రం టర్బో పోయిన లక్షణాలే చూపిస్తాయి. పూర్తిగా టర్బో మార్చాలనే మేస్త్రి దగ్గరకన్నా, ముందు పైపులకి పొగ పట్టించి లీకు వెతికే మేస్త్రి దగ్గరకి వెళ్లడం మంచిది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. అది తెగితే పిస్టన్లు వాల్వులని గుద్దుతాయి. దాని ముందు టర్బో ఖర్చు చిన్నదే.

స్కానరు పెట్టించినప్పుడు ఎర్రర్ కోడ్లు లేవని సంతోషపడటం చాలదు. కంప్యూటరు అడిగిన బూస్టు ఎంత, టర్బో ఇచ్చింది ఎంత, ఈ రెండు అంకెలూ నడుస్తున్నప్పుడు పక్కపక్కన చూడాలి. అడిగినదానికంటే ఎక్కువ వస్తుంటే వేస్ట్‌గేటు అంటుకుపోయింది. ఎక్కువైన పొగని పక్కదారి పట్టించే చిన్న తలుపు అది. దాని కడ్డీ బయటే ఉంటుంది, పొగ వేడికి దగ్గరగా. అంతర్వేది, ఓడలరేవు పక్క సముద్రపు గాలిలో ఏళ్లు గడిపిన బండిలో ఆ కడ్డీ కీలు తుప్పుకి బిగుసుకుంటుంది. గాలిలోని ఉప్పు కణాలు వేడి ఇనుము మీద పడి, రాత్రి తేమకి తడిసి, పొద్దున్న మళ్లీ కాగి, ఆ చక్రం రోజూ సాగుతుంది. టర్బోని పట్టి ఉంచే బోల్టులు కూడా అలాగే తుప్పుపట్టి, విప్పబోతే తలలు తెగుతాయి. కోనసీమ బండి కొంటే కిందినుంచి చూడకుండా కొనవద్దు.

కంప్యూటరులో ఇంకో సంగతి దాగి ఉండొచ్చు. టర్బో కారుని రీమ్యాప్ చేయడం తేలిక. ల్యాప్‌టాప్‌తో బూస్టు పెంచేస్తే 150 హార్స్‌పవర్ ఇంజను 190 పైన ఇస్తుంది. అమ్మేముందు పాత ప్రోగ్రాము తిరిగి ఎక్కించేస్తారు. ప్రోగ్రాము మారుతుంది కానీ అరిగిన క్లచ్ మారదు. నాలుగో గేరులో 2,000 చుట్ల దగ్గర గట్టిగా తొక్కండి. ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఎన్ని కిలోమీటర్లకి జారుతోందో చూసుకుంటే బండిని ఎలా వాడారో అర్థమవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు వెతికేది ఇదే.

వరద గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే గోదావరి మనల్ని అంత తేలిగ్గా వదలదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి, 2022 జులైలో 71.3 అడుగులకి చేరింది. రెండుసార్లూ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. వేల కార్లు నీళ్లలో నానాయి. అవన్నీ తుక్కు అయిపోలేదు, కడిగి, పాలిష్ పెట్టి, వేరే ఊళ్లలో అమ్మకానికి పెట్టినవీ ఉన్నాయి. టర్బో కారుకి వరద ఇంకా చెడ్డది. ఇంటర్‌కూలరూ దాని పైపులూ బంపరు కింద, నేలకి దగ్గరగా ఉంటాయి. వాటి అతుకుల్లో నీళ్లు దూరితే నేరుగా సిలిండర్లలోకే దారి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టను పైకొచ్చి నీళ్లని తాకగానే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొంచెమే వంగితే బండి నడుస్తుంది, కొన్ని నెలలు.

మునిగిన బండి ఆనవాళ్లు దాచడం కష్టం. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి మూరలో బురద చార ఉంటుంది. స్టెప్నీ కింద గుంటలో, కార్పెట్ అడుగున ఒండ్రు మిగిలిపోతుంది. హెడ్‌లైటు లోపల నీటి గీత కనిపిస్తుంది. డాష్‌బోర్డు అడుగు స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొడి ఉంటుంది. ఆక్టేవియాలో ఇంకో చోటు తప్పకుండా చూడాలి. ఇంజను కంప్యూటరు ముందద్దం కింద, వైపర్ల దగ్గరున్న తొట్టిలాంటి ఖాళీలో ఉంటుంది. అందులో పడ్డ వాననీళ్లు పోవడానికి కంతలుంటాయి. చెట్టు కింద నిలబెట్టిన బండిలో ఆకులు, పూత, చెత్త ఆ కంతల్ని మూసేస్తాయి. వరద రాకుండానే, ఇంటి పెరట్లోనే కంప్యూటరు మునుగుతుంది. మామిడి చెట్టు నీడ మనకి సుఖం, ఆ కారుకి కాదు. పాత ఇన్సూరెన్సు పాలసీలు కూడా అడిగి చూడండి. నో క్లెయిమ్ బోనస్ ఏ సంవత్సరంలో సున్నాకి పడిందో చూస్తే, ఆ సంవత్సరం ఆ ఊళ్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవచ్చు.

కాగితాల దగ్గర కోనసీమ వాళ్లకి రెండు చిక్కులు. 2004లో హైదరాబాదులో రిజిస్టరైన కారుకి ఏపీ 09 అని నంబరుండొచ్చు. చూడటానికి మన రాష్ట్రపు బండే. కానీ 2014 విభజన తర్వాత ఆ ఆఫీసు తెలంగాణది. అక్కణ్నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రాకుండా అమలాపురంలో పని జరగదు. రెండోది యానాం. ఎదుర్లంక వారధి దాటితే పుదుచ్చేరి, పన్ను తక్కువ కాబట్టి పీవై 04 నంబరు బండ్లు మన రోడ్ల మీద ఎన్నో. ఆ బండి కొని ఏడాదికి మించి ఇక్కడే తిప్పితే ఆంధ్ర నంబరు, ఇక్కడి పన్ను తప్పవు. రెండు సందర్భాల్లోనూ లైఫ్ టాక్స్ ఎంత పడుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే రవాణా ఆఫీసులో తేల్చుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. యాభై ఏళ్లు నిండితేనే ప్రభుత్వం లెక్కలో వింటేజ్. మనకి ఎంత అపురూపమైనా ఆర్ఎస్ చట్టానికి ఉత్త పాత కారే, ఫిట్‌నెస్ పరీక్షకి నిలబడాల్సిందే.

నడపడం గురించి ఒక మాట దాచకుండా చెబుతాను. పాత టర్బోలో తొక్కిన క్షణానికి బలం రాదు. చక్రం వేగం అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. నాలుగు వరసల హైవే మీద అదొక ఆనందం. ఒకపక్క కాలువ, ఇంకోపక్క పంట బోదె, ఎదురుగా సైకిలు మీద బడిపిల్లలు వచ్చే మన గట్టు రోడ్ల మీద ఆ ఆలస్యం, ఆ తోపు రెండూ ప్రమాదమే. ముందున్న ట్రాక్టరుని దాటబోయి తొక్కితే బలం వచ్చేసరికి ఎదురు బండి వచ్చేస్తుంది. ఈ కారు కొనుక్కున్న కుర్రాళ్లు రావులపాలెం దాటి జాతీయ రహదారి ఎక్కేదాకా ఓపిక పట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొన్న వారంలోపే చేయాల్సిన పనుల్లో నూనె, ఫిల్టర్లు, కూలెంటు, టైమింగ్ బెల్టు అందరికీ తెలిసినవే. పెట్రోలు పైపుల సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కి నాకింగ్‌ని తట్టుకునే గుణం ఎక్కువ, ఆ రకంగా టర్బోకి మంచిదే. అయితే లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకి మూడింట రెండు వంతుల శక్తే ఉంటుంది కాబట్టి మైలేజి తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, అది గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న బండి ట్యాంకులో, మన తేమలో, నీళ్లు అడుగుకి దిగి తుప్పు మొదలవుతుంది. ట్యాంకు నిండుగా ఉంచితే గాలికి చోటు తగ్గుతుంది, నెలకోసారి ట్యాంకు వాడి మళ్లీ నింపితే ఇంకా మంచిది. 2004 నాటి రబ్బరు ఈ పెట్రోలు కోసం తయారైంది కాదు. ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, కారుతుంది. ఆ కారే పైపుకి జానెడు దూరంలోనే ఎర్రగా కాగిన టర్బో ఉంటుంది. కాబట్టి బండి తీసుకునేముందే పెట్రోలు పైపులన్నీ చేత్తో నొక్కి చూసి, కొత్తవాటి ఖర్చు బేరంలోనే తగ్గించుకుని, ఇంటికి తెచ్చాక మిగతా పనులకంటే ముందు వాటినే మార్పించండి.